పదకొండో మంచం

గాల్వేలో వాన నిలువుగా పడదు.
సముద్రం మీంచి అడ్డంగా వచ్చి
కిటికీని చెంపదెబ్బ కొడుతుంది.
రాత్రి డ్యూటీ. రెండున్నర.
కోల్మన్ ఊపిరి మిషన్ ఒక లయలో,
నా లాప్‌టాప్ ఫ్యాన్ ఇంకో లయలో.

ఇరవై రెండేళ్లుగా మనుషుల్ని
మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి నీళ్లగదికి
ఎత్తి దింపిన నడుము నాది.
నలభై తొమ్మిదో ఏట ఎం.ఏ.లో చేరింది:
వైకల్య విధానం, ఆచరణ, తోడ్పాటు.
మొదటి రెండూ పుస్తకాల్లో దొరికాయి.
మూడోది నా భుజాల్లో ఉంది,
దానికి ఫుట్‌నోట్ ఎలా వేయాలో తెలీదు.

మొదటి వ్యాసం వెనక్కొచ్చింది.
మార్జిన్‌లో ప్రొఫెసర్ గ్రోన్యా ఎర్రగా రాసింది:
"దీనికి ఆధారం?"
పదిహేడేళ్లుగా ఈయనకి ఆధారం నేనే అనుకుంటున్నాను.
నా ఇంటద్దెకి, నా పిల్లాడి ఫుట్‌బాల్ బూట్లకి
ఆధారం ఈయనని
ఆ ఎర్ర సిరా చూసేదాకా తట్టలేదు.

సిద్ధాంత పత్రం కోసం ఆయన్నే అడిగాను.
ఒళ్లో అక్షరాల పలక పెట్టుకుని
బొటనవేలి కణుపుతో ఒక్కో అక్షరం నొక్కుతూ
నాలుగు ఆదివారాలు చెప్పాడు.
ఒక్కో వాక్యానికి ఒక్కో కప్పు టీ చల్లారింది.
నీతి సంఘం నియమం ప్రకారం పేరు దాచి
"పాల్గొన్న వ్యక్తి 4" అని పెట్టాను.

చదివి వినిపించమన్నాడు. వినిపించాను.
పలక దగ్గరికి లాక్కున్నాడు.
ప. ద. కొం. డు.
ఏమిటన్నాను.
"ఆ గోడల మధ్య ముప్పై ఒక్క ఏళ్లు
నేను పదకొండో మంచం.
చెంచా మీద పదకొండు. దుప్పటి మీద పదకొండు.
మా అమ్మ అల్లి పంపిన స్వెటర్ మెడలోనూ.
నీ దగ్గరికొచ్చి నాలుగయ్యాను.
తగ్గానన్నమాట."

కాసేపాగి మళ్లీ నొక్కాడు:
"నవ్వు, ఫిడెల్మా. జోకు."

సంఘానికి ఉత్తరం రాస్తే ఫారం పంపారు.
పేరు దాచడానికి పదమూడు గడులు,
చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు.
ఆయన మార్జిన్‌లో రాస్తానన్నాడు,
ప్రొఫెసర్లు రాసే చోట.
చేయి పట్టుకోబోతే వద్దన్నాడు.
ఇరవై నిమిషాలు. కాగితం రెండుచోట్ల చిరిగింది.
కోల్మన్ మనియన్.
చివరి అక్షరం ఫారం అంచు దాటి
బల్ల మీదికి పోయింది. తుడవలేదు.

జవాబింకా రాలేదు.
ఆరైంది. వాన అలాగే ఉంది.
ఓట్స్ జావలో ఉప్పు తక్కువేయమని
ఎప్పట్లాగే పలక మీద పోరుతున్నాడు.
ఇది ఏ అధ్యాయంలోకి వస్తుందో
గ్రోన్యాని అడగాలి.