కుబుసం కాదు

పగలంతా నీళ్ళలోంచి ఉప్పు తీస్తా.
అదే నా బతుకు.
అనంతపురం పాతూరులో కుళ్ళాయప్ప వాటర్ ప్లాంట్ అంటే
ఆటోవాళ్ళు కూడా దారి చెప్తారు.
మీటరు మీద పన్నెండు వందలు చూపించే బోరునీళ్ళు
నా పైపుల్లోంచి బయటికొచ్చేసరికి నలభై.
క్యాను ఇరవై రూపాయలు, మెట్లెక్కితే ఇంకో ఐదు.

రాత్రి ఇంటికొచ్చి
అవే నీళ్ళలో మళ్ళీ ఉప్పు కలుపుతా.

మా మాబున్ని నవ్వుతుంది:
"తీసేదీ నువ్వే, ఏసేదీ నువ్వే,
మధ్యన కరెంటు బిల్లు మాత్రం మనది."

నాలుగడుగుల గాజుపెట్టె.
అసలు సముద్రాన్ని చూసింది ఒక్కసారి,
మద్రాసులో, ఆస్పత్రి పని మీద పోయి,
అదీ చీకట్లో. చప్పుడే విన్నా.

రొయ్యను బెంగుళూరు నుంచి తెచ్చినా,
బస్సులో ఒళ్ళో పెట్టుకుని,
చిక్కబళ్ళాపురం దాటినాక ఏసీ ఎక్కువైతే
కవరును చొక్కా లోపలికి దోపుకుని.
ఎర్రటి వీపు మీద తెల్లగా ఒకే గీత,
ముగ్గుపిండి జారినట్టు.
ఒంటికంటే పొడుగు మీసాలు.
చెయ్యి పెడితే ఎక్కి కూర్చుని
గోళ్ళలో మట్టి ఏరేది:
ఫిల్టరు జిడ్డు, క్యాన్ల తుప్పు, ఊరి దుమ్ము.
యాభై రెండేళ్ళలో నా గోళ్ళను
అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు.

పోయిన శ్రావణంలో ఒక పొద్దున
రాయి పక్కన వెల్లకిలా పడుంటే
ఆ పూట అన్నం ముట్టలేదు.
మాబున్ని టార్చి వేసి చూసి
"దీని లోపల మనిషి లేదు" అనింది.
నిజమే. మీసాల తొడుగులతో సహా ఖాళీ చొక్కా.
మూడు రోజులకు రాతి వెనక నుంచి
కొత్త ఒంటితో, సిగ్గుపడుతూ వచ్చింది.

అప్పటి నుంచీ ప్రతి కుబుసాన్నీ
అగ్గిపెట్టెల్లో దాచినా. పదకొండు.

అందుకే ఈ మంగళవారం
రాయి కింద పడుండేది చూసి నవ్వుకున్నా.
పన్నెండోది, అనుకున్నా.
టీ తాగినా. ప్లాంటుకు పోయినా.
మధ్యాహ్నం క్యాన్లు కడుగుతూ
ఎవరికో చెప్పినా కూడా,
మా రొయ్య చొక్కా మార్చిందని.

రాత్రి వలతో తీస్తే
బరువుంది.

ఉప్పు కొలిచినా, సరిగ్గానే ఉంది.
వేడి ఇరవై ఆరు.
మీటర్లు కడిగి, తుడిచి, మళ్ళీ కొలిచినా.
ఊళ్ళో ఎవరి నీళ్ళలో ఏముందో చెప్పేవాణ్ణి,
నా నీళ్ళు నాకు ఏమీ చెప్పలేదు.

కింద పోర్షను జయలచ్చుమక్క
దోమల చక్రం పొగ అనింది.
ఆదివారం కరెంటు పోయింది, నలభై నిమిషాలే.
రాగి పడదు దానికి, అని నేను గొణుక్కుంటుంటే
మా అన్న మనవరాలు రజియా
వేలికున్న ఉంగరం తీసి కిటికీలోంచి విసిరేసింది,
ఎవరూ ఏమీ అనకముందే.
బెంగుళూరు అంగడాయన ఫోన్లో
"వయసైందేమో సార్, ఇంకోటి పంపనా?"
"కూరకొచ్చే సైజేనా?" అన్నాడు ఆటో ఖాజావలి.
తర్వాత నా మొహం చూసి
బీడీ ఇచ్చినాడు.

కరివేపాకు తొట్టిలో పూడ్చబోతే
మాబున్ని వద్దనింది:
"ఉప్పొళ్ళు అది. చెట్టు సచ్చిపోతుంది."
యాడ పెట్టాలో తెలియక
ఇంకా ఫ్రిజ్జులోనే ఉంది,
పచ్చిమిరపకాయల డబ్బా వెనక.

మా ఊరి గాలికి
రోజుకు వేలెడు సముద్రం ఎగిరిపోతుంది.
నీళ్ళే పోతాయి. ఉప్పు పోదు.
అందుకే రోజూ ఒక చెంబు మంచినీళ్ళు పోయాల.
పోస్తున్నా.

పసుపుపచ్చ చేప
పొద్దున్నే ఆ రాయి దగ్గరికి పోయి
రెక్కలాపి, ఒంటిని పక్కకు వంచి,
మంగలి కుర్చీలో కూర్చున్నట్టు
నోరు తెరుచుకుని నిలబడుతుంది.
కాసేపు చూసి
కొంచెం జరిగి
మళ్ళీ తెరుస్తుంది.