పోటు

మైపాడు రోడ్డులో మా మందుల షాపు.
గల్లాపెట్టె పక్కన దారానికి వేలాడే కత్తెర.
రోజంతా దానికి ఒకటే పని,
పది బిళ్ళల అట్టని
రెండుగా, మూడుగా, నాలుగుగా కోయడం.
గడువు తేదీ ఒకరి ముక్కలో పోతుంది,
మందు పేరు ఇంకొకరి ముక్కలో.
గోడ మీది ఫార్మసీ పట్టా మా బావది.

చెంగమ్మ శ్రావణంలో వచ్చింది, దీపాలు పెట్టాక.
రొయ్యల తలలు తీసే షెడ్డులో పని,
బుట్టకింతని కూలి, ఐసు నీళ్ళలో వేళ్ళు.
"ముల్లు దిగిందబ్బయా, ఉంగరపేలు పక్కన.
నిన్నట్నించి ఒకటే పోటు."
చీటీలో రోజుకి మూడు, ఏడు రోజులు.
ఇరవై ఒకటి అని నేననేలోగా
కొంగుముడి విప్పి తన లెక్క తను చెప్పింది.
"ఆరియ్యి. కూలి పడినాక మిగతాయి."
కత్తెర కిర్రుమంది.

రెండో రోజుకే వాపు దిగిందంట.
"నాలుగేసుకున్నా. రెండు మిగిల్తే
సెగ్గడ్డ లేచిండాదని పక్కింటి పిల్లోడికిచ్చినా."
గర్వంగానే చెప్పింది.
నేనూ మెచ్చుకున్నట్టు తలూపాను.
ఆ ఊపిన తల ఇప్పటికీ మెడ మీద సరిగ్గా కూర్చోదు.

అమావాస్యకి సముద్రం కాలవలోకి పోటెక్కితే
లాంతర్లు పట్టుకుని గుంటల గట్లు తడిమి చూస్తారు మావాళ్ళు.
చెంగమ్మ చేతిలో ఎక్కిన పోటుని
ఎవరూ లాంతరెత్తి చూడలేదు.
మణికట్టు దాటింది. గాజులు బిగిశాయి.
మొగుడుండంగా పగలగొడతారా అని ఏడిస్తే
సబ్బు నీళ్ళు పోసి ఒక్కొక్కటే లాగారు.
అప్పటికి మోచేతి దాకా ఎర్రటి చార.

దర్గామిట్ట పెద్దాసుపత్రిలో
నిద్ర లేని కళ్ళ చిన్న డాక్టరమ్మ
ఎరుపు అంచు వెంబడే బాల్‌పెన్నుతో గీత గీసింది.
"ఈ గట్టు దాటితే నన్ను లేపండి,
ఎంత రాత్రయినా సరే."
చీము పరీక్షకి పోయింది.
మొదటి మందుకి లొంగేది కాదని కాగితం తిరిగొచ్చింది.
సగం మందుకి చావని పురుగు
దాని రుచి నేర్చుకుందో,
ముందే నేర్చుకుని వచ్చిందో,
నాకేం తెలుసు, నేను కోసిచ్చేవాణ్ణి.

వేరే మందు, నరంలోకి, చుక్క చుక్క.
మూడో రాత్రి పోటు వెనక్కి తిరిగింది.
ఎరుపు లోపలికి, ఇంకా లోపలికి ఇంకింది.
పెన్ను గీత మాత్రం అక్కడే ఉండిపోయింది,
నీళ్ళు దిగిపోయాక కాలవ ఒడ్డున మిగిలే నాచు చారలా.

ఇప్పుడా ఉంగరపేలు వంగదు.
బుట్టలు తగ్గాయి, కూలీ తగ్గింది.

నిన్న పక్కింటి పిల్లోణ్ణి చంకనేసుకుని వచ్చింది.
మోకాలి పక్కన సెగ్గడ్డ, మళ్ళీ.
ఈసారి పెద్దాసుపత్రి చీటీ ఉంది.
నా చెయ్యి అలవాటుగా దారం వైపు పోయింది.
ఆ వంగని వేలు తెచ్చి
కత్తెర మీద పెట్టింది.
"రాసినన్నీ ఇయ్యి. నా ఖాతాలో ఏసుకో."

వేసుకున్నాను.
ఆమె ఇంకా మెట్టు దిగలేదు,
వెనక నిలబడినాయన చెయ్యి చాపాడు.
"రెండు బిళ్ళలు. బిరీన, బస్సొస్తా ఉండాది."