రెండోతూరి

మొదటితూరి మేం పోయినప్పుడు
తడిక అతనే తీసినాడు.
"రాండయ్యా" అన్నాడు నిద్రగొంతుతో,
పెళ్లి పిలుపుకి వచ్చినోళ్లని అన్నట్టు.
చొక్కా వేసుకుంటానన్నాడు, వేసుకోమన్నాం.
గుండీలు పెట్టుకునేదాకా
ఎస్సైగారు టార్చి పట్టుకోనే ఉన్నాడు.
అరెస్టు అంతే.
తెల్లారి ఐదు కూడా కాలా.

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో
కమీషన్ కొట్టు గల్లాపెట్టె పగిలి మూడు రోజులు.
కనుపూరు కాలవగట్టు మీద గుడిసె ఉన్నవాడు,
యానాదోడు, పైగా ఇంటిపేరు తుపాకుల.
తుపాకుల మస్తానయ్య.
ఇంటిపేర్లో తప్ప ఆ ఇంట్లో
ఏడు తరాలుగా తుపాకి లేదు.
ఉండేది ఒక పొగకుండ, ఒక గడ్డపార,
కోతలైనాక చేలో ఎలుకలు పట్టే చేతులు.
ఆ కొట్టు యజమాని నిమ్మతోటకి
రాత్రి కావలి కూడా అతనే.

జీపు కాడికి తెచ్చినాక ఫోను మోగింది.
'పట్టేశాం' ప్రోగ్రాం వాళ్లు.
నెల్లూరులో అయ్యప్పగుడి సెంటర్లో టిఫిన్‌కి ఆగినారంట,
ముప్పావుగంటలో వచ్చేస్తారంట,
అందాకా పట్టుకోవద్దంట.
ఎస్సైగారు మస్తానయ్య వంక చూసినాడు.
మస్తానయ్య బేడీల వంక చూసినాడు.
నేను కాలవ వంక చూసినా.
హోంగార్డుని, దినబత్తెం మనిషిని,
చూడ్డానికి నాకు ఇంకేముంది.

"లోపలికి పోరా. పోయి పడుకో."

వదిలేసినామనుకోని దండం పెట్టినాడు,
అందరికీ, నాక్కూడా.
ఆరేళ్ల పిల్ల ఎగిరి మెడకి చుట్టుకునింది.

కెమెరా అబ్బాయి మంచోడే.
పిల్లకి చాక్లెట్టు ఇచ్చినాడు.
"కదలకుండా పడుకోవాల, కళ్లు మూసుకోమ్మా,
ఇంకా గట్టిగా" అన్నాడు.
మస్తానయ్యని చొక్కా విప్పమన్నాడు.
గుండీలు పెట్టుకునుంటే దొంగలా లేడంట.
తీసున్న తడికని మూసినారు.
నన్ను తన్నమన్నారు.

తన్నినా.

ఈతాకు తడిక, ఒక్క దెబ్బకే ఊడొచ్చింది.
చప్పుడు చాల్లేదని
టీవీలో టేకు తలుపు చప్పుడు కలిపినారు.

ఎలుకలు పట్టేవాడు
బొక్కలోంచి బయటపడ్డదాన్ని
మళ్లీ బొక్కలోకి తోలి, మళ్లీ పొగబెట్టి
ఇంకోతూరి పట్టడు.
ఆకలికి పట్టేవాడికి ఒక్కతూరి చాలు.

రాత్రి తొమ్మిదిన్నరకి వేసినారు.
తెరంతా ఎర్రగా 'తుపాకుల',
పక్కనే పొగలు కక్కే తుపాకి బొమ్మ.
"కరుడుగట్టిన" అంటా ఉన్నాడు యాంకరు.
పోయింది పన్నెండువేల మూడొందలు.
నా మొహం ఎక్కడా లేదు.
బూటుంది. మూడుతూర్లు, నిదానంగా.
మా ఆడమనిషి అన్నం కలుపుతా ఆగి
"అది నీ కాలే గదా" అనింది.
చారు పొయ్యమన్నా.

పదకొండో రోజు యజమాని బావమరిది
పేకాట కాడ దొరికినాడు, మిగిలిన డబ్బుతో సహా.
పెద్దింటి పిల్లోడు గదా, కుర్చీ వేసినారు.
మస్తానయ్యని సాయంత్రం పొమ్మన్నారు.
ఏ వ్యానూ రాలేదు.
నేనే ఫోను చేసినా, నా బ్యాలెన్సుతో.
"వదిలేస్తే చూపించడానికి ఏముంటాది బ్రదర్"
అన్నాడా మంచబ్బాయి.
నిజమే.
వదిలేసిన మనిషి ఊరికే నడిచి పోతాడు.

జీతం పడినాక
ఈతాకులు కొని సైకిలు వెనక కట్టుకోని పోయినా.
గుమ్మానికి పాత చీర వేలాడతా ఉంది.
"రాండయ్యా" అన్నాడు,
అదే గొంతు.
అని, చొక్కా కోసం లేచినాడు.
అందుకు రాలేదని చెప్పబోయినా.
గొంతులో చెక్క తలుపేదో అడ్డం పడింది.

లోపల మిట్టమధ్యాన్నం
బువ్వ తింటా ఉన్న పిల్ల నన్ను చూసి
గిన్నె పక్కన పెట్టి
చాప మీద వాలి
కళ్లు మూసుకునింది.

ఇంకా గట్టిగా.