ఆకుపచ్చ గుర్తు

దిండి రిసార్టులో
గదికి పద్దెనిమిది నిమిషాలని ఫోను చెప్పింది.
దాటితే ఎర్రబొట్టు.

దుప్పట్లో రొయ్య తొక్కలున్నాయని,
పదకొండో గదిలో కొత్త పెళ్ళికూతురు
తలుపేసుకుని ఏడుస్తోందని
నొక్కడానికి దాన్లో మీట లేదండి.

అందుకే ఆరుగురి ఫోన్లూ
మాసిన తువ్వాళ్ళ బండిలో పడేశాం.
ధనకుమారి వరండా వెంట తోసుకుపోద్ది,
గుమ్మం గుమ్మానికీ ఒక్కో నొక్కు.

మేం మాత్రం
వశిష్ఠ మీద షికారుకెళ్ళినోళ్ళు
బురదకాళ్ళతో తిరిగొచ్చాకే తుడుస్తాం,
ఒక్కసారే.

మేనేజరుగారు మురిసిపోయారు, అన్నీ ఆకుపచ్చే!
ఈ నెల ఉత్తమ ఉద్యోగి ఫొటోకి
ధనకుమారిని నిలబెట్టారు.
బండిని కూడా పక్కన పెట్టించుకుంది, ముండ.

నవ్వలేక చచ్చాం.

వచ్చే నెల నుంచి
గదికి పదహారంట.