బల్లి పలుకు

మంగళవారం రాత్రి హార్డ్ డిస్క్
బల్లిలా పలికింది.
టిక్. టిక్. కాస్త ఆగి, టిక్.
షెఫీల్డ్ ఇళ్లలో బల్లులుండవు.
అయినా వేలితో బల్ల తట్టి
‘సత్యం’ అన్నాను, అలవాటు కొద్దీ.
ఏది సత్యమో అప్పటికింకా తెలీదు.

తొమ్మిదేళ్ల రంగులు అందులో.
ఉల్లిపొట్టుకి పటిక ఎంత,
మంజిష్ఠ వేరు ఎన్ని గంటలు నానాలి,
ఈ ఊరి మెత్తటి నీళ్లలో
దురదాకు ఏ నెలలో కోస్తే బూడిద కలిసిన ఆకుపచ్చ,
ఏ నెలలో కోస్తే ఉత్త బూడిద.
ప్రతి గుడ్డకీ ఒక ఫోటో, ఒక తేదీ, ఒక లెక్క.
కాగితం మీద రాసుకోవే అంది
పక్క షెడ్డు మౌరీన్.
తడి చేతులతో కాగితమా అని నవ్వాను.

రోథరమ్‌లో, టైర్ల కొట్టు వెనక వాళ్ల ఆఫీసు.
పరీక్ష ఉచితం అని అద్దం మీద రాసుంది.
ఫారంలో ఒక గడి:
పోయిన సమాచారం విలువ.
‘రంగులు’ అని రాశాను.
కీరన్ అనే కుర్రాడు దాన్ని చదివి
‘పౌండ్లలో చెప్పాలండీ’ అన్నాడు.

మొదటి వారం: ఇంజనీరు చూస్తున్నాడు.
రెండో వారం: ఏ ఇంజనీరు?
ఫోనెత్తిన ప్రతి గొంతుకీ
మొదట్నుంచీ కథ చెప్పాలి.
ఏడు సున్నా నాలుగు నాలుగు ఒకటి తొమ్మిది.
నా పేరు హైమవతి, హెచ్ తో మొదలు.
కాదు, హేమా కాదు.
బ్యాకప్ లేదా మేడమ్?
అందరూ అదే అడుగుతారు,
చేతులు కాలినవాడికి
ఆకుల దుకాణం అడ్రసు చెబుతున్నట్టు.

నాలుగో వారం తేల్చారు:
లోపల చదివే ముల్లు విరిగింది,
దాత కావాలి.
అదే మోడల్, అదే ఫ్యాక్టరీ, వీలైతే అదే నెలలో పుట్టినది.
నక్షత్రం కలవాలి, పాదం కలవాలి, గణం కలవాలి.
నా డిస్క్‌కి సంబంధాలు చూస్తున్నారు
పోలండ్‌లో ఎక్కడో.
మూడొందల పది అన్నది ఆరొందల ఎనభై అయింది,
పైన పన్ను.
రాకపోతే డబ్బు వద్దన్నారుగా?
రాకపోతే వద్దు మేడమ్,
కానీ దాతకి ఇవ్వాలి కదా.

ఎనిమిదో వారం జాబితా వచ్చింది.
నలభై ఒక్క వేల రెండొందల ఆరు.
అంకెలు చూసి ఏడ్చేశాను, స్టవ్ మీద గిన్నె మర్చిపోయి.

ఒక్కదానికీ పేరు లేదు.
తెరిచాను.
బాణం గుర్తులు. మూత లేని కవర్ల బొమ్మలు.
ప్రింటరు వాడే పద్ధతి, పదకొండు భాషల్లో,
ఫిన్నిష్‌తో సహా.
తర్వాత, నేను తీసేసిన ఫోటోలు.
బురదలా దిగిన పట్టు,
మచ్చలు పడ్డ ఉన్ని,
వెలుతురు చాలక వణికిన గుడ్డలు.
నాకే సిగ్గేసి చెరిపేసినవన్నీ
వరసగా నిలబడి ఉన్నాయి,
పిలవని పేరంటానికి ముందే వచ్చినట్టు.
దాచుకున్నది ఒక్కటీ లేదు.

‘గీత పడింది మీరు దాచుకున్న వైపు’
అన్నాడు గారెత్, మర్యాదగానే.
ఈమెయిల్లో దాన్ని పాక్షిక విజయం అన్నారు.
బిల్లు మాత్రం సంపూర్ణం.
తిరుగు పోస్టుకి పన్నెండు పౌండ్లు విడిగా.

నా మెడలో ఒక స్కార్ఫ్ ఉంది.
తడిసిన నాచు రంగు, అంచుల్లో కాస్త పసుపు.
బస్సులో ఎవరైనా ‘ఎలా వేశారు’ అంటే
మొహం తిప్పుకుంటున్నాను.

నిన్న ఒక చెడిపోయిన ఫోటో పెద్దది చేసి చూశాను.
గుడ్డ కనబడదు సరిగా.
మూలన బొటనవేలు ఒకటి, గోరంతా నీలిమందు.
ఎవరిదా అనుకున్నాను కాసేపు.

అలమర తలుపు లోపలి వైపు
పెన్సిలుతో మొదలుపెట్టాను:
ఉల్లిపొట్టు, రెండు గుప్పిళ్లు.
పటిక దగ్గర ఆగిపోయాను.
చెంచాతో వేసేదాన్నా, అరచేత్తోనా?
ఆదివారం షెడ్డు దగ్గర మౌరీన్‌ని అడగాలి.
టీ తాగుతూ ఆవిడ అన్నీ చూస్తుండేది.