ఎంగిలి

గొట్టంలో ఉమ్మమన్నారు,
గీత దాకా. నురగ లెక్కలోకి రాదట.
అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు.
వేదవల్లి అత్త గుమ్మంలో నిలబడి చూసి
"నీ ఎంగిలికి పన్నెండు వేలా?" అంది.
కొరుక్కుపేట గూడ్స్ యార్డులో
వాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి.
మూత బిగించి అట్టపెట్టెలో పెట్టి
కొరియర్ కుర్రాడికిచ్చాను.
వాడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

ఏడు వారాలకి ఫోన్‌లో డీఎన్ఏ జవాబు:
నాకు లోకంలో పదకొండొందల మంది చుట్టాలట.
ఎదురుపడినా తల తిప్పుకునేంత దూరపువాళ్ళు చాలామంది.
ఒక్క మనిషి దగ్గర.
రోవీనా నాయుడూ, నర్సు, డర్బన్.
నలభై ఎనిమిది సెంటీమోర్గన్లు.
ఆ కొలత పేరు అత్తకి మూడుసార్లు చెప్పాను.
"వీశెల్లో ఎంత?" అంది.

రోవీనా పెట్టిన వంశవృక్షం తెరిచాను.
కొమ్మల నిండా పెళ్ళి కేకులు, క్రికెట్ టోపీలు,
ఎవరిదో కొత్త కారు.
మొదట్లో మాత్రం ముఖం లేని బూడిదరంగు బొమ్మ:
సంగమా. ఆడ. వయసు ఇరవై నాలుగు.
మద్రాసు రేవు, 1899.
మోచేతి కింద కాలిన మచ్చ.
ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా ఎక్కితే అలా ఉంది.
కులం గడిలో సిరా అలుక్కుపోయింది.
ఓడ దిగాక ఎప్పుడో ఎవరో
నాయుడూ అని రాశారు, అదే నిలిచింది.

నా చెట్టులోనూ ఆ ఎత్తులోనే ఒక పెట్టె:
చెంగమ్మ. మా తాతకి నాయనమ్మ.
మరణం 1899, బావిలో పడి.
అత్తని అడిగి నేనే నింపాను.
ఏటా పెద్దల అమావాస్యకి
మా ముత్తాత కాశిమేడు ఒడ్డున మోకాళ్ళలోతు నిలబడి
నువ్వులూ నీళ్ళూ వదిలేవాడట,
తల్లికి, సముద్రం వైపు తిరిగి.
ఆ నీళ్ళకి అవతల తల్లి
ఏ చెరుకుతోటలోనో కత్తి నూరుకుంటూ ఉండేది.

రోవీనా ఒకటి అడిగింది:
"మా అవ్వకి మీ మాటలు ఐదో ఆరో మిగిలాయి.
ఆమె కప్పుకి మేం మూతి పెట్టబోతే
ఎంగ్లీ, ఎంగ్లీ అని లాక్కునేది.
ఇంగ్లీష్ అంటోందనుకునేవాళ్ళం.
తెల్లవాళ్ళ కప్పేమో,
తాగితే పోలీసులొస్తారేమో అని భయం.
అసలు ఏమిటా మాట?"

నోటి తడి అని రాశాను. కొట్టేశాను.
మైల అని రాశాను. కొట్టేశాను.
నా గ్లాసులో అడుగున మిగిలింది
మా అమ్మ తాగేసేది. దాన్నేమంటారు?
ప్యారిస్ కార్నర్ హోటల్లో
మా తాతకి వేరే గ్లాసు వంకీకి వేలాడేది. దాన్నేమంటారు?
నువ్వూ నేనూ చెరో గొట్టంలో పోసి పంపామే, అది,
అని రాసి పంపించాను.

అత్తకి ఆ రాత్రి చెప్పలేదు.
మర్నాడు అప్పడాల పిండి పిసుకుతుంటే
ఊరికే అన్నట్టు అడిగాను,
చెంగమ్మ గురించి ఇంకేమైనా తెలుసా అని.
"పాకం పడి చెయ్యి కాలిందని అనేవాళ్ళు."
ఏ చెయ్యి?
"ఏ చెయ్యో ఎవరికి తెలుసు, పోయినామెకి."
ఫోన్ తిప్పి చూపించాను.
పిండి చేతులతోనే పట్టుకుని
అద్దాలు లేకుండా చాలాసేపు చూసింది.

"ఆ బావి నీళ్ళు ఈ ఇంట్లో ఎవరూ ముట్టలేదు.
మా అమ్మ ముట్టలేదు, వాళ్ళత్త ముట్టలేదు.
మనిషి పోయిన బావి అని
కార్పొరేషన్ కొళాయికి రోజూ పద్నాలుగు బిందెలు.
కరువొచ్చిన ఏడు లారీ వెనక పరుగెత్తి పడ్డాను,
ఈ మోకాలు అప్పటిదే.
దొంగముండ!
చావలేదన్నమాట."
తిట్టిందో దీవించిందో,
ముక్కు పైటకి తుడుచుకుంది. చెంపకి పిండి అంటింది.

మరణం అన్న గడిలో 1899 చెరిపేశాను.
అక్కడేం రాయాలో రోవీనాని అడగాలి.
డర్బన్‌లో ఇంకా తెల్లారి ఉండదు.
పెరట్లో అత్త
బావి మీద కప్పిన రాతిపలకని
మంచి కాలితో నెట్టి చూస్తోంది.