రెండు చిల్లులు

ఔలులో మార్చి. కిటికీ అవతల ఇంకా మంచే.
హెల్వి కుడిచేతికి పిండికట్టు.
బొంత గలీబు మార్చే పని
నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి
తాయిస్తో నెత్తిన పడింది.

గలీబులోకి తలతో సహా దూరి
లోపల్నుంచి ఏదో గొణిగాడు.
బొంత ఒక మూలకి ముద్దయింది,
మేకను మింగిన కొండచిలువలా.

"ముందు బయటికి రా," అంది హెల్వి, నవ్వాపుకోలేక.
"పై మూలల్లో చిల్లులున్నాయి చూడు.
వాటిలోంచి చేతులు దూర్చి
బొంత చెవులు రెండూ పట్టుకుని లాగు.
ఇక దులుపు."

దులిపాడు.
తెల్లటి గుడ్డ జారి జారి
దానంతటదే పాదాల దాకా దిగింది.

చిల్లుల్లోంచి వేళ్లు ఆడిస్తూ
కాసేపలాగే నిలబడ్డాడు.
"ఇవి చిరుగులనుకున్నాను.
కుట్టడానికి నీకు బద్ధకమనుకున్నాను."

"ఎన్నాళ్లుగా?"

తాయిస్తో
దిండు గలీబు వెతుక్కున్నాడు.